సారా బట్టీలో సీసపు గొట్టం



"బజారులో దొరికే సరుకులో ఏమేమి కలుపుతారో ఎవరికి తెలుసు డాక్టరుగారూ? కళ్లెదుట బెల్లంతో కాచిన సారాలో విషం ఎక్కడి నుంచి వస్తుంది?" ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో ఈ ప్రశ్న నాకు అనేక పర్యాయాలు ఎదురైంది. మద్యం దానంతట అదే కాలేయానికి శత్రువని అప్పట్లో ఒక్క మాటలో చెప్పి ఊరుకునేవాడిని. నిజానికి ఆ ప్రశ్నకు మరొక సమాధానం ఉంది. అది ఊటలో లేదు, కుండలోనూ లేదు. ఆవిరి చల్లబడే గొట్టంలో ఉంది. ఆ గొట్టం చరిత్ర దాదాపు మూడు వందల సంవత్సరాలది. నేడు దానినే మీ ముందు ఉంచుతున్నాను.

స్వేదన యంత్రం ఎంత నాటుదైనా, ఎంత మెరుగుపరచినదైనా దానికి మూడు భాగాలు తప్పవు. పులిసిన ఊటను కాచే పాత్ర మొదటిది. ఆవిరిని పోగుచేసే మూత రెండవది. ఆ ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే గొట్టం మూడవది. మద్యసారం సుమారు 78 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుంది, నీరు 100 డిగ్రీల వద్ద. ఈ తేడాయే స్వేదనానికి ఆధారం. ఆవిరి ఎంత త్వరగా చల్లబడితే నష్టం అంత తగ్గుతుంది. కనుక యంత్రాన్ని మార్చాలనుకున్న ప్రతివాడి దృష్టీ ముందుగా గొట్టం మీదనే పడింది. దానిని మెలికలుగా చుట్టి చన్నీటి తొట్టెలో ముంచితే పని సులువవుతుందని గ్రహించారు.

మెలికలు తిప్పడానికి సీసాన్ని మించిన లోహం లేదు. అది మెత్తనిది, చవకైనది, కొద్దిపాటి వేడికే కరిగి అతుక్కునేది. రాగి గొట్టాన్ని వంచడానికి నేర్పరి కావాలి, సీసపు గొట్టాన్ని ఎవరైనా వంచగలరు. ఈ సౌలభ్యమే కొంప ముంచింది. పులిసిన ఊటలో మద్యసారంతోపాటు వెనిగరులో ఉండే ఆమ్లం కూడా కొంత తయారవుతుంది. అందులో కొంతభాగం ఆవిరితో కలిసి గొట్టంలోకి చేరి, అక్కడి సీసాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అలా ఏర్పడే లవణానికి రంగు లేదు, వాసన లేదు. రుచి మాత్రం ఉంది, అదీ తీపి! పూర్వం దానిని సీసపు చక్కెర అనేవారు. నాలుక మనలను హెచ్చరించవలసింది పోయి మోసగిస్తుందన్నమాట.

పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో, అమెరికా ఇంకా బ్రిటిషువారి వలసగా ఉన్న రోజుల్లో, మసాచుసెట్స్ ప్రాంతంలో చెరకు మడ్డి నుంచి రమ్ము కాచేవారు. ఆ రమ్ము తాగిన తమ ప్రజలు భయంకరమైన కడుపుశూలతో విలవిలలాడుతున్నారనీ, కాళ్లూ చేతులూ పడిపోతున్నాయనీ నార్త్ కరొలైనా నుంచి ఫిర్యాదు వచ్చింది. బట్టీలను పరిశీలించగా కొన్నింటిలో మూతలు, మెలికల గొట్టాలు సీసంతో చేసినవని తేలింది. వైద్యులు కూడా దోషం సీసానిదేనని అభిప్రాయపడ్డారు. 1723లో అక్కడి శాసనసభ బట్టీలలో సీసపు మూతలను, సీసపు గొట్టాలను నిషేధిస్తూ చట్టం చేసింది. రోగక్రిములంటే ఏమిటో లోకానికి తెలియని కాలంలో, సీసాన్ని కొలిచే పరికరమే లేని కాలంలో, ఒక ప్రజారోగ్య చట్టం వచ్చిందంటే అది సామాన్య విషయం కాదు.

అయితే ఒకచోట తెలిసిన నిజం మరొక చోటికి చేరలేదు. వెస్టిండీస్ దీవులలో ఈ వ్యాధి పీడిస్తూనే ఉంది. మలబద్ధకంతో కూడిన శూల కనుక దానిని "పొడి కడుపునొప్పి" అని పిలిచేవారు. 1745లో ఫిలడెల్ఫియా వైద్యుడు థామస్ కాడ్వాలడర్ ఈ వ్యాధిపై ఒక గ్రంథం ప్రచురించాడు. పాదరసంతోనూ, తీవ్రమైన విరేచనకారులతోనూ రోగిని మరింత హింసించవద్దనీ, నల్లమందుతో నొప్పి తగ్గించి, మృదువైన విరేచనకారులు వాడమనీ అందులో బోధించాడు. రమ్ముతో చేసే పానీయమే కారణమని సరిగానే అనుమానించాడు గాని, రమ్ము వెనుక ఉన్న సీసాన్ని పట్టుకోలేకపోయాడు. విచిత్రమేమంటే, ఆ గ్రంథాన్ని అచ్చువేసినది బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1723నాటి గొడవ జరిగినప్పుడు బోస్టన్‌లో పెరుగుతున్న కుర్రవాడు ఆయనే.

1767లో ఇంగ్లండులో జార్జ్ బేకర్ అనే వైద్యుడు డెవాన్ ప్రాంతపు ఆపిల్ కల్లును రసాయన పరీక్ష చేసి అందులో సీసం ఉన్నదని నిరూపించాడు. అక్కడి పండ్లు పిండే గానుగలలో సీసం వాడేవారు. బేకర్ పుట్టినది ఆ ప్రాంతంలోనే. తన ఊరివారికి మేలు చేయబోయి వారి ఆగ్రహానికే గురయ్యాడు. 1781 నుంచి 1783 వరకు జమైకాలో బ్రిటిషు సైనిక ఆసుపత్రులను పర్యవేక్షించిన జాన్ హంటర్, సైనికుల కడుపుశూలకు రమ్ములోని సీసమే కారణమని 1788లో వెలువడిన తన గ్రంథంలో రాశాడు. ఈయన అదే పేరుగల ప్రఖ్యాత శస్త్రవైద్యుడు కాదు, వేరొకరు.

1786 జూలైలో, ఎనభయ్యవ ఏట, ఫ్రాంక్లిన్ తన మిత్రుడు బెంజమిన్ వాన్‌కు ఒక లేఖ రాశాడు. బాల్యంలో బోస్టన్‌లో విన్న రమ్ము కథ మొదలుకొని, అచ్చు అక్షరాలను వేడిచేసి వాడే కార్మికుల చేతులు పడిపోవడం వరకు, సీసం గురించి తాను చూసినవీ విన్నవీ అందులో క్రోడీకరించాడు. ఈ సంగతి లోకానికి తెలిసి అరవై ఏళ్లు దాటినా, ఉపయోగకరమైన ఒక సత్యం అందరి ఆమోదమూ పొంది ఆచరణలోకి రావడానికి ఎంతకాలం పడుతుందో చూడమని చివర వ్యథతో అన్నాడు. ఆయన లెక్క తక్కువే. మరో రెండు వందల ఏళ్లు పట్టినా ఆ పని పూర్తికాలేదు.

అమెరికాలో 1920 జనవరిలో మద్యనిషేధం అమలులోకి వచ్చింది, 1933 డిసెంబరులో రద్దయింది. దొంగచాటు బట్టీలు అంతకుముందూ ఉన్నాయి, ఆ తరువాతా మిగిలాయి. దక్షిణాది రాష్ట్రాల అడవులలో కాచేవారికి ఒక కొత్త ఆలోచన తట్టింది. పాత మోటారు కారు రేడియేటరును గొట్టానికి బదులు వాడితే ఎట్లా ఉంటుంది? వేడిని త్వరగా లాగివేయడానికే తయారైన వస్తువది. తుక్కు దుకాణంలో కారుచవకగా దొరుకుతుంది. యంత్రకౌశలం దృష్ట్యా గొప్ప మెరుగుదలే. కాని ఆనాటి రేడియేటర్లలోని సన్నని నాళాలన్నీ సీసం కలిసిన టంకంతో అతికినవి. 1723లో చట్టం వెళ్లగొట్టిన సీసం టంకం రూపంలో తిరిగి బట్టీలోకి వచ్చింది. పైగా ఇంజను చల్లబరచడానికి పోసే గ్లైకాల్ అవశేషం కూడా తోడయ్యేది. అది మూత్రపిండాలను దెబ్బతీసే విషం.

ఇదంతా గతకాలపు ముచ్చట అనుకోకండి. అలబామా రాష్ట్రంలో 1990-91లో దొంగసారా తాగినవారి రక్తంలో సీసం అధికంగా ఉన్నట్టు గుర్తించిన వివరాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1992లో తన వారపత్రికలో ప్రచురించింది.

ఇంత స్పష్టమైన విషాన్ని వైద్యులు ఎందుకు తరచు పోల్చుకోలేకపోయారు? సీసం ఒక్క అవయవంతో ఆగదు. కడుపుశూల రూపంలో వస్తే శస్త్రచికిత్స అవసరమైన కడుపునొప్పిగా భ్రమింపజేస్తుంది. రక్తహీనత కలిగిస్తే పోషకాహార లోపమనుకుంటాము. మణికట్టు వాలిపోతే నరాల వ్యాధి అంటాము. మూత్రపిండాలు చెడి యూరిక్ ఆమ్లం పేరుకుంటే గౌట్ అనే కీళ్లవాతం వస్తుంది. మెదడుకు ఎక్కి మూర్ఛలు వస్తే, తాగుడు మానినందువల్ల వచ్చాయనుకుంటాము. 1840లో హెన్రీ బర్టన్ అనే ఆంగ్ల వైద్యుడు కొందరు రోగుల చిగుళ్ల అంచున నీలిరేఖను గుర్తించాడు. అదొక మంచి ఆనవాలు, కాని అందరిలోనూ కనబడదు. రక్తంలో సీసాన్ని కొలవడమే నమ్మదగిన పరీక్ష. శరీరంలో చేరిన సీసంలో అధికభాగం ఎముకలలో దాగి, ఏళ్ల తరబడి మెల్లగా రక్తంలోకి వస్తూ ఉంటుంది. తాగుడు మానిన తరువాత కూడా బాధ వెంటాడడానికి కారణమిదే.

"మంట పెట్టి చూశాము, నీలంగా మండింది, స్వచ్ఛమైనదే" అనే మాట అమెరికా కొండలలోనూ వినబడుతుంది, మన పల్లెలలోనూ వినబడుతుంది. ఆ పరీక్షను నమ్మకండి. సారా మండిందంటే మద్యసారం ఉన్నదని మాత్రమే అర్థం. లీటరులో మిల్లీగ్రాముల లెక్కన ఉండే సీసాన్ని మంట చూపలేదు. మిథనాల్ కలిసినదీ మండుతుంది. మిథనాల్ సంగతి వేరు. మనం పత్రికలలో చదివే కల్తీసారా సామూహిక మరణాలకు చాలావరకు పారిశ్రామిక మిథనాల్ కలపడమే కారణం. అది గంటలలో, ఒకటి రెండు రోజులలో చూపును, ప్రాణాన్ని తీస్తుంది. సీసం నెలలూ ఏళ్లూ తీసుకుంటుంది. అందుకే దాని మృతుల జాబితా ఏ పత్రికలోనూ రాదు.

మన సంగతికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు. ఆనాడూ ఈనాడూ గుడుంబా బట్టీలు చెరువు గట్ల వెనుక, తోటలలో దాగే ఉన్నాయి. లైసెన్సు లేకుండా కాచడం నేరమని అందరికీ తెలుసు. నేను చెప్పదలచినది మరొకటి. మసాచుసెట్స్ బట్టీలు ఊరిలో కనబడుతూ ఉన్నాయి కనుక వాటి గొట్టాన్ని పరిశీలించడం సాధ్యమైంది. దాగి ఉన్న బట్టీలో ఏ తుక్కు డ్రమ్ము, ఏ అతుకుల గొట్టం వాడారో తాగేవాడికి తెలియదు, అమ్మేవాడికీ పట్టదు. కాచేవాడు మంచివాడైనంత మాత్రాన గొట్టం మంచిది కాదు.

కనుక ఒక్క విన్నపం. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగులో గాని నాటుసారా అలవాటున్నవారికి మాటిమాటికీ కడుపుశూల, రక్తహీనత, చేతుల పట్టు తప్పడం, కీళ్లవాపు వంటివి కనబడితే, సిగ్గుపడి ఆ సంగతి దాచవద్దని చెప్పండి. వైద్యుడు పోలీసు కాదు. ఆ ఒక్క మాట వింటే రక్తంలో సీసం పరీక్ష రాయించగలడు. సీసాన్ని బంధించి మూత్రం ద్వారా బయటకు పంపే మందులు గత శతాబ్ది మధ్యభాగం నుంచి ఉన్నాయి. కాని సీసం లోపలికి చేరే దారి మూయకుండా మందు ఇవ్వడం, చిల్లుకుండలో నీరు పోయడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సీసానికి ప్రమాదం లేని మోతాదు అంటూ లేదు.

ఫ్రాంక్లిన్ చెప్పిన ఆ సత్యం ఇప్పుడు మీ చేతికి వచ్చింది. తెలియవలసినవారికి తెలియజేయండి.