గిల్మన్ వీధి గడప

అమెరికా సంయుక్తరాష్ట్రముల పశ్చిమతీరమున, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పుగట్టున, బర్క్‌లీ యను పట్టణము కలదు. విశ్వవిద్యాలయమువలన ప్రసిద్ధికెక్కిన ఆ పట్టణములో గిల్మన్ వీధి 924వ నంబరు కట్టడము చూచుటకు గిడ్డంగివలె నుండునే గాని గానసభవలె నుండదు. 1986 డిసెంబరు 31వ తేదీ రాత్రి అచట ఒక సంగీతశాల ప్రారంభమైనది. దానికి యజమాని లేడు. సభ్యులే టిక్కెట్లు ఇత్తురు, సభ్యులే నేల యూడ్తురు, సభ్యులే కూడి నియమములు చేయుదురు. మద్యము లేదు, మాదకద్రవ్యములు లేవు. కొట్లాట కూడదు, జాతిద్వేషము కూడదు. మద్యము లేనందున పదునైదేండ్ల బాలురకును అచట ప్రవేశము దొరకినది. తరువాతి కథ కంతయు ఇదియే మూలము.

అచట వినబడు సంగీతమునకు పంక్ అని పేరు. 1970వ దశకపు నడుమ న్యూయార్కులోను లండనులోను పెంపొందిన బాణీ యిది. గిటారుపై మూడు నాలుగు పట్లు తెలిసిన చాలును. రెండు మూడు నిమిషముల పాట, మిక్కుటమైన వేగము, దాచని కోపము. దీనికి సులభముగ నోటబట్టు వరుసలను జోడించినచో పాప్ పంక్ అగును. త్యాగరాజ కృతులకు అలవడిన మన చెవులకిది మొదట రొదగా తోచుట సహజము. అందొక వరుస కలదని తెలియుటకు రెండవమారు వినవలెను.

బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ 1972లో జన్మించెను. తండ్రి లారీ నడుపుచు జాజ్ సంగీతము వాయించెడివాడు; 1982 సెప్టెంబరులో కాన్సరు వ్యాధితో మరణించెను. తల్లి హోటలులో వడ్డన పనిచేసి పిల్లలను పెంచినది. ఇంచుమించు ఆ కాలముననే బడిలో మైక్ డర్న్ట్ అను బాలునితో అతనికి స్నేహము కలిసెను. 1987లో వీరొక వాద్యబృందమును కూర్చిరి. తొలుత 'స్వీట్ చిల్డ్రెన్' అనియు, 1989 నుండి 'గ్రీన్ డే' అనియు దాని పేరు. 1990లో ట్రే కూల్ డ్రమ్ములు వాయింప వచ్చి చేరెను. నాటినుండి ఆ ముగ్గురే ఆ బృందమునకు మూలస్తంభములు. గిల్మన్ వారికి పాఠశాల; లుకౌట్ అను చిన్న స్థానిక కంపెనీ వారి తొలి రెండు ఆల్బములను వెలువరించినది.

గిల్మన్‌లో ఆనాడు ఇంకొక నియమ ముండెను: పెద్ద రికార్డు కంపెనీలలో చేరినవారు ఆ వేదిక నెక్కరాదు. 1993లో గ్రీన్ డే రిప్రైజ్ అను పెద్ద కంపెనీతో ఒడంబడిక చేసికొన్నది. 1994 ఫిబ్రవరి 1వ తేదీన 'డూకీ' వెలువడెను. అమెరికాలోనే కోటికి మించి చెల్లెను. గిల్మన్ తలుపు మూసికొన్నది. పెంచిన చేతులే 'అమ్ముడుపోయినవా'రని వేలు చూపెను. 1995లో వచ్చిన 'ఇన్‌సామ్నియాక్'లోని '86' అను పాట ఆ వెలినిగూర్చినదే. అమెరికా హోటళ్ళ వాడుకలో ఆ యంకెకు గెంటివేయుట యని అర్థము.

ఎవరిది న్యాయము? గిల్మన్ వారి కాఠిన్యమును మౌఢ్యమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. పెద్ద ధనము ప్రవేశించిన చోట నేల యూడ్చు సభ్యులకు మాట చెల్లదు. ఆ చిన్న గది దశాబ్దములు నిలిచినదన్న, తన కట్టుబాటులను తాను పాటించుటవలననే. అయినను, బీదయింటి పిల్లలు తమ పాట నమ్ముకొని బ్రదుకుట నేరమా? పంక్ అను మాటయే యెరుగని యెందరో పిల్లలకు డూకీయే తొలిపాఠ మైనది గదా! పరభాషాప్రాంతములలో తరతరములుగా నున్న మనకీ తగవు క్రొత్త కాదు. ఇరుగుపొరుగు భాషలో పేరుగాంచిన మన బిడ్డ మనవాడా, వారివాడా? పేరు రాకమున్ను నిందించి, వచ్చిన పిదప శాలువ కప్పుట మన సభలలోను చూచినదే.

2004 సెప్టెంబరులో, ఇరాకు యుద్ధకాలమున, 'అమెరికన్ ఇడియట్' అను కథాత్మకమైన ఆల్బము వచ్చెను. దానికి గ్రామీ బహుమానము లభించెను. 2010లో బ్రాడ్వే నాటకమైనది. మరణించిన తండ్రిని తలచుచు సెప్టెంబరు పేర వ్రాసిన పాట యిందులోనిదే.

2015 ఏప్రిల్ 18వ తేదీన క్లీవ్‌లండ్‌లో ఈ బృందమునకు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవము జరిగినది. నెల తిరుగకమున్నే, మే 17వ తేదీన, వారు గిల్మన్ వేదికపై నిలిచిరి! ఓక్లండులో అగ్నిప్రమాదమునకు గురియైన ఒక చిన్న ప్రచురణసంస్థకును, ముద్రణాలయమునకును సాయముగా జరిగిన కచేరీ అది. వెలివేసిన గడప కంపెనీకై కాక, కాలిన అచ్చుకూటమునకై తెరచుకొన్నది. ఆ రెండు గౌరవములలో వారికేది పెద్దదో నేను చెప్పజాలను. నన్నడిగిన రెండవదే యందును.

2024 జనవరి 19వ తేదీన 'సేవియర్స్' వెలువడినది. పదునైదు పాటలు, లండనులోను లాస్ ఏంజెలెస్‌లోను ధ్వనిముద్రణ, డూకీని తీర్చిన రాబ్ కవాలోయే నిర్మాత. క్రొత్తదారి త్రొక్కినారని చెప్పజాలము. వేగము పాతదే, వరుసలు పాతవే, దేశముపై కోపమును పాతదే. కాని ముగ్గురును 1972లో పుట్టినవారే, ఏబదియేండ్లు దాటినవి. తండ్రిని గోల్పోయిన బాలు డిందు తానే తండ్రియై కుమారులకు 'ఫాదర్ టు ఎ సన్' అను పాట వ్రాసెను. ఈ ఒక్కపాటకై ఈ ఆల్బము వినదగును.

ఆ యేడు డూకీకి ముప్పదియేండ్లు, అమెరికన్ ఇడియట్‌కు ఇరువదియేండ్లు నిండినందున, సంచారకచేరీలలో రెంటిని ఆసాంతము వాయించిరి. 2025 మార్చిలో ముంబయి మహాలక్ష్మి పందెపు మైదానమున లొల్లపలూజా ఉత్సవమునకు వచ్చిరి. భరతఖండమున వారి మొదటి కచేరీ అదియే. మన దేశమునుండి కూలికై వలసపోయిన కామాఠీల పేర వెలసిన కామాఠీపుర మచటికి దూరము కాదు. బట్టలమిల్లులలో మన పద్మశాలీలు చెమటోడ్చిన వాడలును చేరువయే. ఈ సంచికను చదువు ముంబయి సోదరుల పిల్లలెవరైన ఆ కచేరీకి పోయియుండినచో, వారిని చెంత గూర్చుండబెట్టుకొని ఒక పాట పెట్టుమని యడుగుడు. ఏది వినవలెనని వారడిగినచో పైని పేర్కొన్న తండ్రిపాటను చెప్పుడు.