ప్లేటుకు వెనకపక్క

మైకుసెట్టు పనిలో నేను మొదట నేర్చుకున్నది ముల్లు మార్చడం. డెబ్భై ఎనిమిది స్పీడు లక్క ప్లేటుకు ఇనుప ముల్లు. ఒక పక్క పాట అయ్యేసరికి మొన అరిగిపోతుంది. అదే ముల్లుతో రెండో పక్క పెడితే ప్లేటు గీరుకుపోతుంది. అందుకే మా మేనమామ ముళ్లు లెక్కబెట్టి ఇచ్చేవాడు, మళ్లా లెక్క అడిగేవాడు. కర్ణాటకలో బాగేపల్లి పక్క మా మిట్టేమరి హోబళిలో యాడ పెండ్లి జరిగినా, జాతర జరిగినా లారీ బ్యాటరీ, ఆంప్లిఫయరు, గంట మాదిరుండే స్పీకర్లు రెండు ఎద్దులబండిలో వేసుకొని పొయ్యేవాళ్లం. చింతచెట్టెక్కి గంట కట్టేది నేను. 1966లో నాకు పద్నాలుగేండ్లు.

ఇప్పుడు మా మనవడు ఎవరో ఇంగ్లీషు రాక్ గాయకుడి వెంట పడినాడు. ఆయప్ప ఎవరెవరితో కలిసి పాడినాడు, ఏ పాట ఏ ప్లేటు వెనకపక్క దాక్కొనుంది అని రాత్రంతా ఫోన్లో వెతుకుతుంటాడు. వానికి తెలీదు, ఈ పిచ్చి ఇంట్లో పాతదే. నా పిచ్చి పేరు సినిమా గాయకుడు పి.బి. శ్రీనివాస్.

అది మొదలైంది ఒక పెండ్లిలో. మగపెండ్లివాళ్లు కర్ణాటకలో చింతామణి వైపు, ఆడపెండ్లివాళ్లు ఆంధ్రలో కదిరి వైపు. అందరూ మాట్లాడేది తెలుగే. కానీ ఈ పక్క పిల్లోళ్లకు కన్నడ హీరో రాజ్‌కుమార్ పాట కావాల, ఆ పక్కోళ్లకు ఎన్టీఆర్ పాట కావాల. నేను ‘భక్త కనకదాస’ ప్లేటు పెట్టినాను. 1960 నాటి సినిమా అది. రాజ్‌కుమార్ గొంతంటే పి.బి. శ్రీనివాసే అని జనం అనుకోవడం దాంతోనే కుదురుకుంది. చింతామణి పిల్లోడొకడు మీసం తిప్పి, “విన్నారా, ఇదీ కన్నడ గొంతు” అన్నాడు. మా మామ ఏమీ అనలేదు. ఆ ప్లేటు తీసి, ఒక తెలుగు ప్లేటు పెట్టినాడు. అదే గొంతు! పెట్రోమాక్స్ లైటు దగ్గరికి రెండు ప్లేట్లూ తెచ్చి, నడుమ గుండ్రంగా అతికించిన కాగితం మీద పేరు చదివించినాడు. “ఆయనది కాకినాడ నాయనా” అన్నాడు. పందెం కట్టలేదు గానీ ఆ పిల్లోడు అందరికీ సోడాలు తాపించినాడు.

కాకినాడలో 1930లో పుట్టిన ఆ మనిషి మొదట సినిమాలో పాడింది తెలుగులో కాదు, కన్నడంలోనూ కాదు. 1952లో జెమినీ వాళ్లు తీసిన హిందీ ‘మిస్టర్ సంపత్’లో. వీణ విద్వాంసుడు ఈమని శంకరశాస్త్రి ఆయన్ను అక్కడికి చేర్చినాడు. మరుసటేడే కన్నడంలో ‘జాతక ఫల’. ఆ తరవాత తమిళంలో జెమినీ గణేశన్‌కు గొంతైనాడు. 1964లో ‘మై భీ లడ్కీ హూఁ’ హిందీ సినిమాలో, చిత్రగుప్త్ సంగీతంలో, లతా మంగేష్కర్‌తో కలిసి పాడినాడు. తెర మీద ధర్మేంద్ర. ఈ మాట చెబితే మా ఊర్లో ఇప్పటికీ నమ్మరు.

గొంతులు సరిహద్దు దాటడం ఆయనతోనే మొదలు కాలేదు. 1954లో ‘బేడర కన్నప్ప’లో రాజ్‌కుమార్‌కు పాడింది తమిళాయన, సి.ఎస్. జయరామన్. అదే కథను తెలుగులో ‘కాళహస్తి మహాత్మ్యం’గా తీస్తే అందులోనూ రాజ్‌కుమారే కన్నప్ప. ఆయన నటించిన తెలుగు సినిమా అదొక్కటే. అక్కడ ఆయనకు గొంతిచ్చింది ఘంటసాల. ఒక కన్నప్పకు రెండు గొంతులు, రెండూ కన్నడిగులవి కావు.

ఇంక 1965. ‘సత్య హరిశ్చంద్ర’ రెండు భాషల్లోనూ వచ్చింది. తెలుగులో ఎన్టీఆర్, కన్నడంలో రాజ్‌కుమార్, రెండింటికీ పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం. తెలుగుది ఆడలేదు, కన్నడది ఆడింది. మావోళ్లు బాగేపల్లి టెంటుకు బండ్లు కట్టుకొని పోయి చూసినారు. కన్నడంలో కాటికాపరి వీరబాహు కులమంటే ఏమిటని ఎగతాళి చేస్తూ ఒక పాట పాడతాడు. పాడింది ఘంటసాల. కర్ణాటకలో ఆ పాట తెలియని ఊరు లేదు. మా పక్క హరికథలోళ్లు దాన్ని నడుమ నడుమ పాడుకొనేవాళ్లు. తెలుగాయన పాడిన కన్నడ పాటను తెలుగు హరికథలో వినాలంటే మా తాలూకాకే రావాల. కైవారం తాతయ్య రెండు భాషల్లో తత్వాలు చెప్పిన సీమ కదా, ఎవరికీ వింతగా తోచలేదు.

ఇంతకీ నా వెతుకులాట వీటి కోసం కాదు. ఇవన్నీ దొరికేవే. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టినాడు. పి.బి. శ్రీనివాస్ కూర్చొని ఇంగ్లీషులో పాట రాసినాడు, ‘మ్యాన్ టు మూన్’ అని. ఆయనే పాడినాడు. అదే ప్లేటులో ఎస్. జానకి పాడిన ఇంగ్లీషు పాట కూడా ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కూ, అధ్యక్షుడు నిక్సన్‌కూ ఆ ప్లేటు పంపించినాడు. కాకినాడాయన, రేపల్లె తాలూకా ఆమె కలిసి అమెరికాకు ఇంగ్లీషులో పాట పంపడం చూడండి! ఎవరడిగినారు ఆయన్ను? ఎవరూ అడగలేదు. జేబు నిండా రంగురంగుల పెన్నులు పెట్టుకొని, మద్రాసు ఉడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ హోటల్లో కూర్చొని ఎనిమిది భాషల్లో రాసుకొనే మనిషికి ఒకరు అడగాల్నా?

ఆ ప్లేటు కోసం బెంగుళూరు చిక్కపేటలో పాత ప్లేట్ల అంగడి ఒకటి నెలకోసారి తిరగేసినాను. ఒకసారి “ఉంది, వచ్చే వారం రా” అన్నారు. బయానా కట్టి, రెండు బస్సులు మారి పోతే అంగడే ఎత్తేసినారు. బయానా మునిగింది. అంతకంటే చంద్రుడు మునిగినాడని నాకు బాధ.

1974లో నా వ్యాపారం తలకిందులైంది. ఫిబ్రవరిలో ఘంటసాల పోయినాడు. అదే ఏడు ‘సంపత్తిగె సవాల్’లో శ్రీనివాస్ అందక, సంగీతం చేసిన జి.కె. వెంకటేశ్ రాజ్‌కుమార్‌తోనే సొంతంగా పాడించినాడు, తెర మీద ఎనుమెక్కి పాడే పాట అది. జనం ఊగిపోయినారు. అంతకు ముందే 1959లో ‘మహిషాసుర మర్దిని’లో ఎస్. జానకితో రాజ్‌కుమార్ ఒక పాట పాడి ఉన్నాడు, దాన్ని పట్టించుకున్నోళ్లు తక్కువ. తరవాత 1978లో ‘ఆపరేషన్ డైమండ్ రాకెట్’లో ఇంగ్లీషు పాట కూడా పాడినాడు. గిటార్లు, గంతులు. దాన్ని పెట్టినప్పుడు పెండ్లి పందిట్లో ముసలోళ్లు చెవులు మూసుకొనేవాళ్లు. రాక్ పాట అంటే మా ఊర్లో అదే. శ్రీనివాస్‌కు పాటలు తగ్గినాయి. దాని గురించి ఆయన ఎవరినీ తిట్టినట్టు నేను వినలేదు. నేను మాత్రం ఎనుమును చూసినప్పుడల్లా తిట్టుకున్నా.

ఆ బాకీని ఇంకో తెలుగాయన తీర్చుకున్నాడని నా లెక్క. 1993లో ‘ముద్దిన మావ’ అని కన్నడ సినిమా వచ్చింది. అందులో మావ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, సంగీతం కూడా ఆయనదే. దీపావళి పాటలో తెర మీద బాలుకు రాజ్‌కుమార్ పాడితే, బాలు పోయి శశికుమార్‌కు పాడినాడు. గాయకుడు నటిస్తే నటుడు పాడినాడు. క్యాసెట్ కొన్నరోజు దుకాణం ముందరే నిలబడి మూడుసార్లు విన్నాను.

శ్రీనివాస్ 2013 ఏప్రిల్‌లో పోయినాడు. నా దగ్గర ఇప్పుడు నలభై ప్లేట్లదాకా మిగిలినాయి. కొన్ని అంచులు ఇరిగినాయి, ఒకదాన్ని మా కోడలు ఎసరు మీద మూతేసింది, లక్క కదా, గిన్నె మాదిరి వంగిపోయింది. మొన్న మనవడు ఫోను నా చెవి దగ్గర పెట్టి, “తాతా, నీ చంద్రుడి పాట వెతికిస్తా, విను” అన్నాడు.

వద్దురా, ప్లేటు దొరికినాక వింటా అన్నాను.