మరిగిన చారు తెల్లవారుసరికి చెడుటేల?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో పెండ్లివిందనిన గుండిగెడు పప్పుచారు కాగవలసినదే. మిగిలినది మూతపెట్టి రాత్రి ఉంచిన, తెల్లవారుసరికి పాడగుట కలదు. మరిగినదానిలో చెడు ఎక్కడినుండి వచ్చెను?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక్కనాట దొరకలేదు. 1765లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లంజాని, గాలి చొరకుండ మూసిన సీసాలలో చాలసేపు మరిగించిన రసములు చెడవని చూపెను. 1860 ప్రాంతమున లూయీ పాస్టరు, సూక్ష్మజీవులు గాలిలోని ధూళితో వచ్చునని నిరూపించెను. అయినను కొన్ని కషాయములు మరిగించినను చెడుచునే యుండెను. ఆ గుట్టును 1876లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ కోన్ విప్పెను: కొన్ని సూక్ష్మజీవులు గట్టి సిద్ధబీజములుగా మారి మరుగునీటినైనను తట్టుకొనును. చారు గోరువెచ్చనకాగానే అవి మొలకెత్తి పెరుగును. శత్రువు లోపలనే యుండగా మూత యేమి చేయగలదు?

గుండిగ పెద్దదైనకొలది ప్రమాదము హెచ్చు. పాత్ర కొలతలన్నియు రెట్టింపైనచో చారు ఎనిమిదిరెట్లగును; వేడిని విడుచు ఉపరితలము నాలుగురెట్లే. కనుక చారును లోతులేని వెడల్పు గిన్నెలలో పోసి, చన్నీటిలో నిలిపి, కలియబెట్టవలెను. 60 డిగ్రీల సెంటిగ్రేడునుండి 2 గంటలలో 21కి, మరి 4 గంటలలో 5కు దింపి రిఫ్రిజిరేటరులో ఉంచవలెను. మరునాడు మరిగించిన చాలునని తలపరాదు. కొన్ని సూక్ష్మజీవులు విడిచిన విషము మరుగుటచే నశింపదు.