నూలుకంటిన జిగురు ఎవరిది?

మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో పడుగు పోగు తెగితే అనుమానం ముందుగా సైజింగ్ వాళ్ళ మీదికి పోతుంది. గంజి చాలలేదంటారు. కాదంటే పన్నె బాగాలేదంటారు, గాలిలో తేమ అంటారు. తెలంగాణ జిల్లాల నుంచి వలసొచ్చి అక్కడ సాంచెలు (మరమగ్గాలు) పట్టిన పద్మశాలీల అనుమానం చాలాసార్లు నిజమే అవుతుంది. కాని నూలులోనే అక్కడక్కడ చిన్న చిన్న ఉండలు, లావు సన్నాలు కనబడితే తప్పు సాంచె దగ్గర జరగలేదన్నమాట. ఆ ఉండలకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాని జాడ పట్టుకుని వెనక్కి వెళ్తే మిల్లు, జిన్నింగు దాటి పత్తి చేలోకి, అక్కడినుంచి ఒక పాత చిక్కుముడి దగ్గరికి చేరతాం. 1984-85 నుంచి నాలుగైదేళ్ళపాటు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. అంతకుముందు రైతు పెద్దగా లెక్కచెయ్యని పురుగది. అంత హఠాత్తుగా ఎందుకు లేచింది?

మొదటి ఆధారం మిల్లులోనే దొరుకుతుంది. జిగురు పత్తి కార్డింగులో తడబడుతుంది, సాగదీసే రోలర్లకు చుట్టుకుపోతుంది, వడికేటప్పుడు తెగుతుంది. ఆ జిగురు చక్కెర. తెల్లదోమ ఆకు ఈనెల్లోని రసం పీలుస్తుంది. అందులో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు పనికొచ్చే సరుకు తక్కువ. కావలసింది దక్కించుకోవడానికి రసం ఎడతెగకుండా తాగి, మిగిలిన చక్కెరను బొట్లు బొట్లుగా విసర్జిస్తుంది. అవి కింది ఆకుల మీద, పగిలిన కాయల్లోని దూది మీద పడతాయి. దానిమీద నల్లటి మసి బూజు పెరుగుతుంది.

ఆ బొట్టులో ఏముందో 1990లో రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. అందులో ట్రెహలులోజ్ అనే చక్కెర ఉంది. మనం కాఫీలో వేసుకునే పంచదార కరగాలంటే 180 డిగ్రీలు దాటాలి. ఇది 48 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పైగా గాలిలోని తేమను లాక్కుంటుంది. రోలర్ల రాపిడి వేడి చాలు, బంకగా మారడానికి. పేనుబంక విసర్జించే జిగురులో మెలిజిటోజ్ అనే వేరే చక్కెర ఎక్కువగా ఉంటుంది. అంటే దూదిని పరీక్షిస్తే, చేలో తిన్నదెవరో చాలావరకు చెప్పవచ్చు.

ఇక చేలోకి వద్దాం. తెల్లదోమ ఎక్కడినుంచో కొత్తగా ఊడిపడిందా? కాదు. 1929లోనే పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మిశ్రా, లాంబా పత్తి తెల్లదోమ గురించి రాశారు. పురుగు పాతదే. మరి కొత్తగా వచ్చిందేమిటి?

సింథటిక్ పైరిత్రాయిడ్లు. 1980ల మొదట్లో శనగపచ్చ పురుగు మీద కొట్టడానికి అవి మన పత్తి చేలల్లోకి వచ్చాయి. మొదట్లో బాగా పనిచేశాయి కాబట్టి రైతు నమ్మాడు, నమ్మడంలో తప్పేమీ లేదు. అయితే తెల్లదోమ పిల్ల గుడ్డులోంచి వచ్చాక కాసేపు పాకి, ఆకు అడుగున ఒకచోట నోరు దింపి, పొలుసులా అక్కడే అతుక్కుపోతుంది. పైనుంచి కొట్టిన మందు దాన్ని సరిగా అందుకోదు. ఆకు మీద తిరిగే అక్షింతల పురుగును, అల్లిక రెక్కల పురుగును, ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగను మాత్రం బాగా అందుకుంటుంది.

ఈ ఆధారం భూతద్దం ఉన్న ఎవరైనా చూడగలిగేది. ఆకు తిప్పి ఖాళీ పొలుసులు వెతకండి. తెల్లదోమ బయటికొచ్చిన పొలుసుకు ఇంగ్లీషు 'టి' ఆకారపు చీలిక ఉంటుంది. కందిరీగ లోపల పెరిగి దాన్ని చంపి బయటపడితే గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఆకు నిండా చీలికలే ఉండి, గుండ్రటి రంధ్రాలు లేకపోతే కాపలాదారు చచ్చిపోయాడని లెక్క.

సూడాన్‌లో గెజీరా పత్తి కూడా ఇలాగే జిగురు పత్తిగా చెడ్డపేరు తెచ్చుకుంది. అక్కడి కేసును ఫోల్కర్ డిట్రిచ్ బృందం 1985లో బయటపెట్టింది. డిడిటి తగిలిన తెల్లదోమలు మామూలు కన్నా ఎక్కువ గుడ్లు పెట్టాయట. శత్రువు చావడమే కాదు, మందు పురుగు సంతానాన్నే పెంచిందన్నమాట. నాకు ఈ ఆధారమే అన్నిటికన్నా బరువైనదిగా అనిపిస్తుంది.

విత్తనం వాటా కూడా ఉంది. నూగు ఎక్కువున్న ఆకు పచ్చదోమను దూరం పెడుతుంది, తెల్లదోమకు మాత్రం ఇష్టమైన చోటవుతుంది. ఒక దోమ నుంచి కాపాడే గుణమే రెండోదాన్ని పిలుస్తుంది. గుంటూరు పక్కన లాం ఫారం శాస్త్రవేత్తలు తెల్లదోమను తట్టుకునే కాంచన, ఎల్‌కె 861 రకాలను అందించారు. జవాబు మందు డబ్బాలోనే కాదు, గింజలో కూడా ఉందని వాళ్ళు చేసి చూపించారు.

అప్పటికే ఆలస్యమైంది. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు కూడా పైరిత్రాయిడ్లకు చావడం మానేసింది. అప్పుతెచ్చి మందు మీద మందు కొట్టిన ప్రకాశం, గుంటూరు పత్తి రైతుల్లో ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరణాలను వాతావరణం ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు ఒప్పుదల కాదు. కథ అక్కడితో ముగియలేదు. 2015లో పంజాబ్ పత్తిని తెల్లదోమ ముంచింది. ఉదయం 10 గంటలలోపు ఆకులు చూసి, ఆకుకు 6 తల్లి పురుగులు దాటితేనే మందు కొట్టమని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతోంది.

ఇంత తెలిసినా చిక్కుముడి మళ్ళీ మళ్ళీ ఎందుకు పడుతుందంటే, ఆధారాన్ని మధ్యలోనే చెరిపేస్తున్నాం. జిగురు బేళ్ళు వస్తే మిల్లు వాటిని మంచి బేళ్ళతో కలుపుతుంది, గదిలో తేమ తగ్గిస్తుంది, పని గడుపుకుంటుంది. భివండీకి చేరే కోను మీద నూలు నంబరు ఉంటుంది కాని చేను పేరు ఉండదు. దూదిని రేకుల మధ్య పెట్టి వేడితో నొక్కి, అంటుకున్న చుక్కలు లెక్కపెట్టే పరీక్ష ఎప్పటినుంచో ఉంది. జిన్నింగులోనే అది చేసి, లెక్కను ఆ పత్తి పండించిన ఊరికి తిప్పి పంపాలి, వచ్చే ఏడు మొదటి మందు కొట్టకముందే.