పన్ను లేని సరుకుకు పడిగాపులు

2017 జూన్ 30, శుక్రవారం రాత్రి. మదనపల్లె నీరుగట్టువారిపల్లె మార్కెట్‌లో టమాటా బాక్సులు ఎక్కించుకున్న ఓ లారీ పుంగనూరు దారి పట్టింది. తెల్లారేసరికి సేలం చేరాలి. పలమనేరు, వి.కోట, కుప్పం దాటితే తమిళనాడు. ఆ రోడ్డున తిరిగే ఎన్నో లారీలను కలిపి ఇక్కడ ఒకే లారీగా చెబుతున్నాం. డ్రైవరు, క్లీనరు మాటలు మా ఊహ. తేదీలు, పన్నులు నిజం.

"అన్నా, ఇంగ చెక్‌పోస్టులు ఉండవంట గదా?"

"అట్లనే అంటాండారు. కండ్లతో చూస్తే గానీ నమ్మేది లేదు రా."

నమ్మకపోవడంలో తప్పు లేదు. పచ్చి టమాటాపై వ్యాట్ లేదు. అయినా పన్నుల చెక్‌పోస్టులో ముందున్న సిమెంటు లారీ కాగితాలు తేలేదాకా వెనక టమాటా లారీ కదిలేది కాదు. అడుగు బాక్సుల్లో పండ్లు చితికి రసం కారేది. సేలంలో వేలం దాటిపోతే ఆ నష్టాన్ని వ్యాపారి మర్నాడు మదనపల్లె పాటలో రైతు మీదే వేసేవాడు. పన్ను కట్టనక్కర్లేని సరుకు పన్ను కట్టే సరుకు వెనక నిలబడి కుళ్లడం అన్యాయం. ఆ అన్యాయం ఏళ్ల తరబడి సాగింది.

సరుకు మీదే కాదు, లారీ బాడుగ మీదా ఢిల్లీ కన్ను ఎప్పుడో పడింది. 1994 జులైలో, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, టెలిఫోను, సాధారణ బీమా, షేర్ బ్రోకర్ల సేవలపై 5 శాతం సేవా పన్ను వచ్చింది. 1997 నవంబరులో అది సరుకు రవాణాకూ పాకింది. లారీ వాళ్లు కాదు, బాడుగ ఇచ్చేవాళ్లే కట్టాలన్నారు. గొడవలు రేగి 1998 జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. ఆ వసూలు పద్ధతి చెల్లదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2005 జనవరిలో మళ్లీ వచ్చింది. కూరగాయల బాడుగకు మాత్రం మినహాయింపు దక్కింది.

ఆ శుక్రవారం అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాల్లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ, ప్రధాని మోదీ జీఎస్టీని ప్రారంభించారు. ఎక్సైజు, వ్యాట్, సేవా పన్ను అందులో కలిసిపోయాయి. సెస్సులతో 15 శాతం ఉన్న సేవా పన్ను చాలా సేవలకు 18 అయింది. జులై 3 నాటికి ఆంధ్ర, తమిళనాడు సహా 22 రాష్ట్రాలు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశాయి.

ఆ వారం అదే లారీ మళ్లీ కుప్పం దాటింది. డ్రైవరు అలవాటుగా బ్రేకు తొక్కాడు. కాగితాల సంచి పట్టుకుని క్లీనరు అప్పటికే తలుపు తీశాడు.

"దిగేది లేదు రా, తలుపెయ్!"

అయితే రవాణా శాఖ తనిఖీలు మిగిలాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి, రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేల రూపాయలు మించితే ఈ-వే బిల్లు అనే ఆన్‌లైన్ రవాణా పత్రం కావాలన్నారు. టమాటాకు అక్కర్లేదు, తిరుగు లోడు ఇనుప సామానుకు కావాలి. వి.కోట దగ్గర ఇంజన్ చెడి సామాను వేరే లారీలోకి మారిస్తే, కొత్త లారీ నంబరు వెంటనే బిల్లులో ఎక్కాలి. లేకపోతే దారిలో బండిని ఆపేస్తారు. సరుకు పంపిన వ్యాపారి అర్ధరాత్రి ఫోనెత్తడు. రోడ్డున ఇరుక్కునేది డ్రైవరే. ఆ నంబరు మార్చే పూచీ, ఆపితే పడే జరిమానా వ్యాపారి మీదే ఉండాలి.