ఎలుగు పిల్ల బొమ్మలో తల్లి ఎక్కడ?

ఎలుగు పిల్ల ఛాయాచిత్రం ఏది కనబడినా నేను మొదట వెతికేది తల్లిని. పిల్ల ముద్దుగానే ఉంటుంది, సందేహం లేదు. కాని ఆ బొమ్మ ఎలా వచ్చిందో చెప్పేది తల్లి ఉన్న చోటే. అడవి జంతువులను కెమెరాతో పట్టుకున్న చరిత్రనంతా ఈ ఒక్క ప్రశ్నతో చదవవచ్చునని నాకనిపిస్తుంది.

మన దేశపు ఎలుగుబంటి పిల్లలను వీపున మోస్తుంది. రెండు మూడు నెలల వయసులో గుహ దాటి వచ్చిన పిల్లలు తల్లి జూలు పట్టుకుని, నెలల తరబడి ఆ సవారీ మీదనుంచే లోకాన్ని చూస్తాయి. అంత చిన్న పిల్ల ఒంటరిగా ఉందంటే, దాని వెనుక ఏదో ఆపద ఉందేమోనని అనుమానించాలి.

మా తరంలో చాలామందిమి ఎలుగును మొదట చూసింది ఊరి వీధిలో, ముక్కుకు తాడుతో. జడుపు పోతుందని పసివాళ్ళను దానిమీద కూర్చోబెట్టేవారు. దాని వెంట్రుకను తాయెత్తులో కట్టేవారు. అవి పసితనంలోనే గుహలనుంచి ఎత్తుకొచ్చినవి. అందుకోసం తరచు తల్లిని చంపేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా ఆ ఆట దశాబ్దాలపాటు సాగింది. వీధుల్లోని చివరి ఎలుగును విడిపించామన్న ప్రకటన 2009లో గాని రాలేదు.

ఆ తాడు అలా ఉండగా, కెమెరా వాళ్ళు మరో తాడు కనిపెట్టారు. అమెరికాలో జార్జ్ షైరస్ అనే న్యాయవాది అడవి దారిలో దారం కట్టి, దాని కొసను కెమెరాకూ మెరుపు పొడికీ కలిపాడు. దారం తగిలితే జంతువు తన బొమ్మ తానే తీసుకునేది. 1906 జూలై నేషనల్ జియోగ్రాఫిక్ సంచిక ఆయన చిత్రాలు 74 అచ్చువేసింది. మన దేశంలో, సంయుక్త రాష్ట్రాల అడవుల్లో అటవీ అధికారిగా ఉన్న ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ ఇదే పద్ధతిలో పులులను తీసి 1927లో పుస్తకం వెలువరించాడు. ఆ మెరుపుకు జంతువు ఉలిక్కిపడేది, నిజమే. అయినా ఈ తాడు దేన్నీ కట్టెయ్యలేదు. బొమ్మ తీసుకున్నాక ఆ ప్రాణి తన దారిన తాను వెళ్ళిపోయేది.

అలాస్కాలోని మెక్‌నీల్ నది దగ్గర ఇంకో అడుగు ముందుకు వేశారు. 1967లో అభయారణ్యమైన ఆ చోటికి 1973 నుంచి లాటరీ వేసి, రోజుకు పదిమందిని మాత్రమే పంపే పద్ధతి పెట్టారు. మనుషులు ఒకేచోట కదలకుండా కూర్చోవాలి. తిండి ఎలుగుల కంటపడకూడదు. కొన్ని తల్లులు పిల్లలను ఆ మనుషులకు దగ్గరలో వదిలి చేపలు పట్టుకోవడానికి వెళ్ళడం అక్కడివారు చూశారు. పిల్లలను చంపే పెద్ద మగ ఎలుగులు మనుషుల దాపుకు రావడానికి వెనకాడతాయి మరి! దూరం ఎంత ఉండాలో అక్కడ తల్లే నిర్ణయించుకుంది.

2018 నవంబరులో లోకమంతా చూసిన రష్యా వీడియో గుర్తుండే ఉంటుంది. మంచు వాలుమీద జారిపోతూ, మళ్ళీ మళ్ళీ ఎక్కే పిల్ల ఎలుగు. పట్టుదలకు పాఠమని అందరూ పంచుకున్నారు. శాస్త్రజ్ఞులు చూసింది మాత్రం పైన ఎగురుతున్న డ్రోన్‌కు బెదిరి, దానిమీదికి పంజా విసరబోయిన తల్లిని. అంతకుముందే, 2015లో, మిన్నెసోటా నల్ల ఎలుగుల మీద జరిగిన పరిశోధన ఒకటి వెలువడింది. డ్రోన్ పైకి వచ్చినప్పుడు చాలాసార్లు అవి ఉన్నచోటునుంచి కదలలేదు గాని, గుండె మాత్రం వేగంగా కొట్టుకుంది. అంటే, తల్లి నిశ్చలంగా కనబడినంత మాత్రాన నిశ్చింతగా ఉన్నట్టు కాదు.

హంపి దగ్గరి దరోజీ అభయారణ్యంలో తీసిన ఎలుగుల బొమ్మలు మన మిత్రులు చాలామంది పెడుతుంటారు. అక్కడ బండలమీద బెల్లం, తేనె పూసి ఎలుగులను రప్పిస్తారు. అందువల్ల ఆ బొమ్మల విలువ పోదు; చూసేవాడికి ఆ సంగతి తెలియాలి, అంతే. ఏ కెమెరా, ఏ లెన్స్ అని శ్రద్ధగా రాసేవారు, ఎంత దూరం నుంచి తీశారో, అప్పుడు తల్లి ఏం చేస్తోందో కూడా ఒక వాక్యం చేర్చాలని నా విన్నపం.