మహానసము – అతిథి – నడుమ గోడ

తర్కశాస్త్రానికి తొలిమెట్టుగా చదివే తర్కసంగ్రహంలో, ధూమాన్ని చూచి అగ్నిని అనుమించడానికి దృష్టాంతం మహానసం, అనగా వంటిల్లు. 17వ శతాబ్దంలో ఆ గ్రంథాన్ని రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. ఆయన ఎరిగిన వంటింట పొగ లేని పూట ఉండదు. వంటింటికి గోడ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సగం సమాధానం ఆ దృష్టాంతంలోనే ఉన్నది.

గృహప్రవేశాలకు వెళ్లినచోట నేడు తరచుగా ఒక సందేహం వినబడుతున్నది. హాలుకూ వంటింటికీ నడుమ గోడ లేకుండా కట్టుకున్నాము, వచ్చిన అతిథికి పొయ్యి కనబడుతుంది, ఇది శాస్త్రవిరుద్ధమా అని. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో దేవగృహానికి ఈశాన్యాన్ని, మహానసానికి ఆగ్నేయాన్ని విధించాడు. ఆ విధి దిక్కును గూర్చినది, గోడను గూర్చినది కాదు. ఆపస్తంబ ధర్మసూత్రం ఇంకొక అడుగు ముందుకు వేసి, వైశ్వదేవాన్నం వండేవాడు అన్నానికి అభిముఖంగా మాటలాడరాదు, దగ్గరాదు, తుమ్మరాదు అని శాసించింది. ఇక్కడ నియమం పాచకునికి. అది పాటించేవారికి గోడ ఉన్నా లేకున్నా ఒకటే. పాటించనివారి అన్నాన్ని గోడ శుద్ధి చేయదు.

మరి మన మండువా లోగిళ్లలో వంటిల్లు అంత లోపలికి ఎందుకు జరిగింది? పిడకల పొగ, నిప్పురవ్వల భయం, పెరటి నూతి సామీప్యం ప్రత్యక్ష కారణాలు. మడి, పరదృష్టి తగలరాదన్న భావన తరువాత వచ్చి చేరాయి. ఎవరిని ఏ గడప దాటనీయాలో నిర్ణయించే కులభేదమూ ఆ గోడను పెంచింది. దీనిని దాచవలసిన పని లేదు. వీధి అరుగున కాళ్లకు నీళ్లు, వసారాలో పీటలు, విస్తళ్లు, పంక్తి, సంభాషణ. గోడకు ఆవల పొగలో గృహిణి. అతిథి చెప్పిన కాశీయాత్రా విశేషాలు విన్నవాడు గృహస్థుడు. కళ్లు మండుతూ వండిన ఆమె వాటిని వినలేదు.

మనుస్మృతి మూడవ అధ్యాయాన్ని ఆస్తికులు ఇక్కడ ఒకసారి తెరిచి చూడాలి. అతిథులూ భృత్యులూ భుజించిన పిమ్మట మిగిలినది దంపతులు భుజించాలి అన్నది అక్కడి విధి. దంపతులు, అనగా ఇద్దరూ. మన పంక్తులలో యజమాని అతిథి సరసనే విస్తరి వేసుకున్నాడు, కడపటి కడి ఆమె ఒక్కతెకే మిగిలింది. కొత్త కోడళ్లకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకన్న ముందే, ఆలోచన లేకుండా పెట్టమని కూడా ఆ అధ్యాయమే చెప్పింది. ఆ మాటను మనవారు అంత శ్రద్ధగా జ్ఞాపకం ఉంచుకోలేదు.

కోనసీమలో లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళ చూడక అన్నం పెట్టారు. అంతర్వేదికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పెండ్లివారి మాటలు విని, దర్శనం మాని వండిపెట్టడానికి ఇంటికి తిరిగివచ్చారని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. ఆకలి మాట ఆమె చెవిని పడింది గనుక కాళ్లు వెనుకకు తిరిగాయి.

దేవాలయ పాకశాల విషయం వేరు. నివేదనకు పూర్వం అన్నం ఇతరుల కంట పడరాదన్నది మా సంప్రదాయం. ఐనా తిరుమలలో పోటు చెంత వకుళమాత సన్నిధి ఉన్నది. గోడలోని రంధ్రం గుండా ఆ తల్లి కుమారునికి జరిగే పాకాన్ని చూచుకొంటుందని ప్రసిద్ధి. అంత కట్టుదిట్టమైన చోట కూడా ఒక కన్నుకు దారి విడిచారు.

గ్యాసు పొయ్యి వచ్చిన తరువాత వంటిల్లు తర్కశాస్త్రం చెప్పే అయోగోళకం వంటిదైంది. కాలిన ఇనుపగుండులో అగ్ని ఉంటుంది, ధూమం ఉండదు. ఇండక్షన్ పొయ్యి వస్తే ఆ అగ్నీ కనబడదు. పొగ కోసం కట్టిన గోడకు ఆ కారణం పోయింది. పోపు ఘాటుకు మాత్రం చిమ్నీ పెట్టుకోవాలి, ఆగ్నేయమైనా తప్పదు.

అడిగినవారికి నేను చెప్పేది ఇంతే. గోడ కట్టనక్కరలేదు. నివేదన వండే పూట ఒక తెర దించండి, పాదరక్షలు ఆ దరికి రానీయకండి, పొయ్యి ముందు టీవీ ఆపండి. నైవేద్యమైన తరువాత తెర తీసి, అమ్మగారికి కూడా ఒక పీట వేయండి. వడ్డన యజమాని చేయవచ్చు.